ఆటలో కోట ఉంది, వాడ లేదు

దళిత అధ్యయనాల పత్రికలో వీడియో గేముల మీద వ్యాసమేంది అని అడిగేవాళ్ళు ఉంటారు. అడిగారు కూడా. ఇందులో కొంత భాగాన్ని ఒక సెమినార్లో చదివినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దమనిషి ‘పిల్లలాటల మీద కూడా పత్రాలు మొదలైనాయన్నమాట’ అని నవ్వాడు. సభ కూడా నవ్వింది. డప్పు మీద, చిందు భాగోతం మీద పరిశోధన చేస్తామని వచ్చిన మొదటివాళ్ళను చూసి కూడా ఇట్లనే నవ్వారు. ఏది చదవదగింది, ఏది కాదు అని తేల్చే పెత్తనం ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్త కాదు. దాని మీద ఇక్కడ కాలం ఖర్చు పెట్టను.

నేను ఈ ఆటలు నేర్చుకున్నది మా మండల కేంద్రంలో, బస్టాండు వెనక ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో. ఇంటర్మీడియట్ చదివే రోజులు. గంటకు 15 రూపాయలు. నలుగురం పైసలు పోగేసుకుని ఒకే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. ఒకడు ఆడితే ముగ్గురు చూడాలి. దొంగ సీడీ నుంచి ఎక్కించిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ అది, 1999లో వచ్చిన ఆట. ఫ్యూడల్ అనే మాటకు ఏ సారూ అర్థం చెప్పకముందే, ‘ఫ్యూడల్ ఏజ్’లోకి పోవాలంటే 500 తిండి కూడబెట్టాలని నాకు తెలుసు. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి నేను. ఊళ్ళో గ్రంథాలయానికి ఎప్పుడు చూసినా తాళం ఉండేది, ఇంటర్నెట్ సెంటర్ తలుపు తెరిచి ఉండేది. అంతే సంగతి.

ఇవాళ హాస్టళ్ళలో మన పిల్లలు పాత లాప్‌టాప్‌ల మీద అవే ఆటలు, వాటి కొత్త రూపాలు ఆడుతున్నారు. చరిత్రలో ఎమ్మే చేస్తున్న ఒక తమ్ముడు రాజేంద్ర చోళుని నౌకాదండయాత్ర గురించి నాకు గంటసేపు చెప్పాడు. ఎక్కడ చదివావురా అంటే ‘ఆడిన అన్నా’ అన్నాడు. చదవడానికీ ఆడడానికీ మధ్య తేడా ఉంది. నవల చదివేవాడు దొర దౌర్జన్యాన్ని చూస్తాడు. ఆట ఆడేవాడు దొర కుర్చీలో తానే కూర్చుంటాడు, ఒక రాత్రిలో వందసార్లు కూర్చుంటాడు. అందుకే ఆటను విమర్శించాలంటే దాని బొమ్మలు, సంగీతం చూస్తే సరిపోదు. దాని నియమాలను చదవాలి. ఏ పని చేస్తే ఏమి వస్తుంది, ఏ పని చేయడానికి అసలు వీలే లేదు, ఎవరికి ఖరీదు కట్టారు, ఎంత కట్టారు? భావజాలం దాక్కునే చోటు అదే.

మొదట ఇంటర్నెట్ సెంటర్ నాటి ఆటనే తీసుకుంటాను. దాన్ని 2019లో కొత్త బొమ్మలతో తిరిగి విడుదల చేశారు. అప్పటి నుంచి దానికి అనుబంధాలు, అంటే ఎక్స్‌పాన్షన్లు వస్తూనే ఉన్నాయి. మనకు సంబంధించింది 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’. 2013 నుంచి ఆటలో ‘ఇండియన్స్’ అని ఒకే ముద్ద ఉండేది. 2022లో దాన్ని విడగొట్టి హిందుస్తానీలు, బెంగాలీలు, ద్రావిడులు, గుర్జరులు అని నాలుగు చేశారు. ఒకే దేశం, ఒకే సంస్కృతి అనే గొడవ చెవులు పగిలేట్టు సాగుతున్న కాలంలో, ఎక్కడో విదేశాల్లో కూర్చున్న ఆట తయారీదారులు ‘ఇండియన్స్’ అనే పెట్టెను పగలగొట్టడం నాకు నచ్చింది. ఒప్పుకుంటాను. పాల వంశపు దేవపాలునికి ఒక కథ ఇచ్చారు, బెంగాలీలకు ‘మహాయాన’ అనే విద్య ఇచ్చారు, ఇవి చిన్న విషయాలు కావు. ద్రావిడులు మాత్రం మాట్లాడేది తమిళం. తెలుగు పిల్లవాడు ద్రావిడుల పక్షాన ఆడితే తన సైనికులు తనకు రాని భాషలో సరే అంటారు. దాని మీద నాకు పెద్ద పేచీ లేదు.

నా పేచీ విలేజర్‌తో. ఆట మొదలుకాగానే తెర మీద ఒక నగర కేంద్రం, ముగ్గురు విలేజర్లు, గుర్రం మీద ఒక వేగు కనిపిస్తారు. విలేజర్ ఖరీదు 50 తిండి. అంత ఇచ్చి మీట నొక్కితే కొద్ది సెకన్లలో మరో మనిషి పుట్టుకొస్తాడు. చెట్టు కొట్టేది ఆ మనిషే. బంగారం తవ్వేది, రాయి కొట్టేది, గొర్రెను కోసేది, పొలం దున్నేది, ఇల్లు కట్టేది, కోట కట్టేది అన్నీ ఆ మనిషే. పొద్దున గొర్రెను కోసిన చేతులతోనే మధ్యాహ్నం మఠం కడతాడు. ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరూ నీళ్ళు చల్లరు. పని లేకుండా నిలబడితే మాత్రం ‘ఐడిల్ విలేజర్’ అని తెర మీద లెక్క పడుతుంది. ఏ దొర గుమాస్తా కూడా ఇంత నిక్కచ్చిగా కనిపెట్టి ఉండడు.

ఒక రకంగా ఇది కులం లేని లోకం. ఎవరైనా ఏ పనైనా చేయవచ్చు. అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో పనుల పంపకం వేరు, పని చేసే మనుషులను నిచ్చెన మెట్ల మీద నిలబెట్టడం వేరు అని తేల్చి చెప్పాడు. ఆటలో రెండోది లేదు. సంతోషించాలి కదా అని మిత్రులు అంటారు. నేను సంతోషించలేకపోతున్నాను. ఈ అనుబంధం తన పేరులోనే ఇండియా అని పెట్టుకుంది. ఉరుమి కత్తి ఎట్లా తిప్పుతారో, చక్రాన్ని ఎట్లా విసురుతారో శ్రద్ధగా చూపించింది. రాజుల ఆయుధాలకు ఇంత చరిత్ర దొరికింది, విలేజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చరిత్ర అయిపోయింది. బ్రిటన్‌లో, చైనాలో, ఇక్కడ ఒకటే విలేజర్. కులం లేని సమాజాన్ని ఊహించడం వేరు. కులం ఉన్న సమాజాన్ని తీసుకుని, శ్రమ చేసేవాడి మీది కులాన్ని మాత్రమే తుడిచేసి, రాజవంశాల పేర్లను అట్లనే ఉంచడం వేరు.

తోలు సంగతి చూడండి. విలుకాండ్ల రక్షణ కోసం ఈ ఆటలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది మెత్త కవచం, రెండోది తోలు కవచం, మూడోది ఇనుప రింగుల కవచం. తోలు కవచం ఖరీదు 150 తిండి, 150 బంగారం. ఎక్కడ తయారవుతుంది? కమ్మరి కొలిమిలో. ఆటలో కొలిమి ఉంది, అంగడి ఉంది, మఠం ఉంది, విశ్వవిద్యాలయం కూడా ఉంది. లంద లేదు. తోలు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మీట నొక్కితే ఒక గీత నిండుతుంది, గీత నిండగానే తోలు వస్తుంది.

మా తాతకు లంద ఉండేది. మా వాడ చివర, తుమ్మచెట్ల కింద. నేను చూసేనాటికి అది పూడిపోయింది, అయినా అక్కడ నిలబడి ఆయన చెప్పిన పని నాకు గుర్తుంది. ఊళ్ళో గొడ్డు చస్తే కబురొచ్చేది. పోయి మోసుకురావాలి. తోలు తీయాలి, సున్నపు నీళ్ళలో నానబెట్టాలి, బొచ్చు గీకాలి. తంగేడు చెక్క దంచి ఆ నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టాలి, తిరగేస్తూ ఉండాలి. ఒక్కరోజు ఎక్కువైతే తోలు చెడుతుంది, ఒక్కరోజు తక్కువైతే కుళ్ళుతుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, చేతి వేళ్ళలో ఉంది. ఆ తోలుతోనే మోట బొక్కెన, దాని తొండం, ఎడ్ల పట్టెడలు, డప్పు, దొర కాలి చెప్పులు. ఊరి పొలానికి నీళ్ళు పారింది ఆ బొక్కెనతో. అదే ఊళ్ళో మా తాత బావి గట్టెక్కడానికి లేదు. దీనికంతటికీ ఆయనకు వచ్చింది కల్లం కాడ మేర. ఎన్ని గింజలన్నది పెట్టేవాడి మనసును బట్టి.

కంచ ఐలయ్య తన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగలను శాస్త్రజ్ఞులని అన్నప్పుడు చాలామంది ముఖాలు చిట్లించారు. ఆ మాటను ఈ ఆట దగ్గర పెట్టి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఆటలో ‘రీసెర్చ్’ అనే మీట ఉంది. తోలు కవచం ఒక పరిశోధన ఫలితం. పరిశోధన జరిగింది, పరిశోధకుడు లేడు.

ఉక్కు సంగతి ఇంకా విచిత్రం. డైనాస్టీస్ ఆఫ్ ఇండియాలో ద్రావిడులకు ప్రత్యేకంగా ఇచ్చిన విద్య ‘వూట్జ్ స్టీల్’. అది సాధిస్తే కాల్బలం, గుర్రపు దళం కొట్టే దెబ్బను ఏ కవచమూ ఆపలేదు. ఆటలోని బలమైన విద్యల్లో అదొకటి. వూట్జ్ అన్నది మన ‘ఉక్కు’ మాట నుంచి వచ్చిందే అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు తీసిన పద్ధతిని హెన్రీ వాయిసీ రాసిపెట్టిన వివరణ 1832లో అచ్చయింది. పారశీక వ్యాపారులు అంత దూరం వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు అది. ఖనిజం ఏరినవాళ్ళు, బొగ్గు కాల్చినవాళ్ళు, తిత్తులు ఊదినవాళ్ళు, మూస చేసినవాళ్ళు అంతా కలిసి నిలబెట్టిన విద్య. ఆ తిత్తి కూడా తోలుదే. మరి ఆటలో ఈ ఉక్కును ఎక్కడ కనుక్కుంటారు? కొలిమిలో కాదు, కోటలో! ఆటలో కమ్మరి కొలిమి ఉండి కూడా, ప్రతి జాతి ‘ప్రత్యేక విద్య’నూ కోటలోనే సాధించాలన్నది నియమం. సాదాసీదా పని కొలిమిది, గర్వంగా చెప్పుకునే విద్య కోటది. ఈ నియమం రాసినవాళ్ళకు మన కులాల గురించి ఏమీ తెలిసి ఉండకపోవచ్చు. తెలియకుండానే ఇంత సరిగ్గా రాశారు.

ఇక చచ్చిన పశువు. ఆటలో గొర్రెను కోస్తే కళేబరం అక్కడే పడి ఉంటుంది, అందులోని తిండి క్షణక్షణం కుళ్ళిపోతూ తగ్గుతుంది. కాసేపటికి తనంతట తానే మాయమవుతుంది. ఎత్తేవాళ్ళు అక్కర్లేదు. గుర్జరుల పక్షానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. పశువులను మిల్లులో కట్టేస్తే అవి బతికి ఉండగానే తిండి వస్తూ ఉంటుంది. ఆ పేరు గల నేల మీదే, 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను బండికి కట్టి కొట్టారు. ఆ తర్వాత చచ్చిన పశువులను ఇక ఎత్తమని దళితులు నిరసనకు దిగారు. సురేంద్రనగర్‌లో కళేబరాలను తెచ్చి కలెక్టరు కార్యాలయం ముందు వేశారు. కళేబరం తనంతట తాను మాయం కాదని దేశానికి అప్పుడు వాసన ద్వారా తెలిసింది.

ఆవు గురించి ఇదే కుటుంబంలోని మరో ఆట ఇంకా బాహాటంగా మాట్లాడుతుంది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3’కి 2007లో ‘ఏషియన్ డైనాస్టీస్’ అనే అనుబంధం వచ్చింది. అందులో ఇండియా పక్షాన ఆడేవాడు ఆవును కోసి తిండిగా వాడుకోలేడు. దాని బదులు ‘సేక్రెడ్ ఫీల్డ్’ అనే పవిత్ర క్షేత్రం కట్టి ఆవులను అందులో ఉంచాలి. ఆవులు అక్కడ నిలబడి ఉంటే చాలు, ఆటగాడికి అనుభవపు మార్కులు వస్తుంటాయి. గాయాలు మాన్పేది ‘బ్రాహ్మిన్’. ఏనుగెక్కి తిరుగుతాడు. ఇంకొక విశేషం, ఇండియా పక్షపు విలేజర్ ఖరీదు తిండితో లెక్కించరు, కలపతో లెక్కిస్తారు. పని మనిషికి తిండి ఖర్చే లేదు! దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ కులం స్పష్టంగా ఉంది. బ్రాహ్మణుడు ఉన్నాడు, రాజపుత్రుడు ఉన్నాడు, ఆవు పవిత్రంగా ఉంది. ఇండియా అంటే ఆవును తినని దేశం అన్నది ఆటకు అభిప్రాయం కాదు, నియమం. అభిప్రాయమైతే కాదని వాదించవచ్చు. నియమంతో ఎవడు వాదిస్తాడు? ఇండియాను ఎంచుకున్న మరుక్షణం మనలో ఆవు మాంసం తినే కోట్ల మంది ఆట నుంచి వెళ్ళిపోతారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్దకూర పండుగ జరిగినప్పుడు దాడి చేసినవాళ్ళూ ఇదే చెప్పారు, ఇండియా అంటే ఇది అని. వాళ్ళకూ ఆట తయారుచేసినవాళ్ళకూ సంబంధం లేదు. ఇద్దరూ ఇండియా గురించి తెలుసుకున్న పుస్తకాలు ఒకటే, అంతే.

ఇది మార్చలేనిదేం కాదు. అదే ఆటను 2020 అక్టోబరులో తిరిగి విడుదల చేసినప్పుడు అమెరికా మూలవాసుల విషయంలో తయారీదారులు వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఆ సమాజాల వాళ్ళను పిలిచి అడిగారు. ఇరాక్వా అన్న పేరును హౌడెనొషోనీ అని, సూ అన్న పేరును లకోటా అని, వాళ్ళు తమను తాము పిలుచుకునే పేర్లకు మార్చారు. మంట చుట్టూ నాట్యం చేసే గుంటను తీసేసి సముదాయ కూడలి పెట్టారు. ‘కలోనియల్ ఏజ్’ అన్న మాటనే తొలగించారు. పేరు మార్చుకోవడం ఎంత పెద్ద విషయమో మనకు చెప్పనక్కర్లేదు. ఆ మూలవాసులు అడిగే చోట ఉన్నారు, అడిగారు, జరిగింది. ఇండియా గురించి అడగడానికి పిలిస్తే అక్కడికి ఎవరు పోతారన్నది వేరే ప్రశ్న. కంప్యూటర్ కంపెనీల్లో తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఏ తెలుగువాళ్ళు అన్నదే కొదవ.

కులం ఉన్నచోట ఎట్లా ఉంటుందో చూడాలంటే స్వీడన్ కంపెనీ పారడాక్స్ ఆటలు చూడాలి. ఇవి లెక్కల పుస్తకాల్లాంటి ఆటలు. కష్టపడి నేర్చుకోవాలి. నాకు వీటి మీద గౌరవం ఉంది. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’కు 2018 సెప్టెంబరులో వచ్చిన అనుబంధం పేరే ‘ధర్మ’. అందులో ఇండియా రాజ్యాలకు ‘ఎస్టేట్లు’ అని కొన్ని వర్గాలను ఇచ్చారు. బ్రాహ్మణులు, రాజపుత్రులు, మరాఠాలు, జైనులు. ప్రతి వర్గానికీ పలుకుబడి ఎంత, విధేయత ఎంత అని రెండు అంకెలు. రాజు వాళ్ళను బుజ్జగించాలి, హక్కులివ్వాలి. మరీ బలిస్తే రాజ్యానికే ఎసరు పెడతారు. నిజం చెప్పాలంటే ఇది కులానికి సంబంధించి నేను ఆటల్లో చూసిన మంచి విశ్లేషణ. కులమంటే ఆచారం కాదు, రాజ్యంతో బేరమాడే శక్తి అని ఇది చెబుతుంది. మన రాజకీయాల గురించి కొందరు ప్రొఫెసర్ల కన్నా ఈ ఆటకే బాగా అర్థమైందని నవ్వుకున్నాను.

అయితే ఎస్టేటు కాని వాళ్ళు ఎక్కడ? దున్నేవాళ్ళు పటం మీద బొమ్మగా కనిపించేది ఒక్క సందర్భంలోనే, తిరుగుబాటు చేసినప్పుడు. ‘పెజెంట్ రెబెల్స్’ అని పేరుతో లేస్తారు. సైన్యాన్ని పంపి అణచాలి, లేదంటే డిమాండు ఒప్పుకోవాలి. మిగతా రోజుల్లో వాళ్ళు పన్ను అంకె. బేరమాడే కులాలను ఆట గుర్తించింది, బేరమే లేని కులాలకు దాని దగ్గర మాట లేదు.

అదే కంపెనీ ‘క్రూసేడర్ కింగ్స్’ వరుసలో 2014 మార్చిలో ‘రాజాస్ ఆఫ్ ఇండియా’ తెచ్చింది. అక్కడ హిందూ పాత్రలకు వర్ణం ఒక లక్షణం. ధైర్యం, పిసినారితనం, గూని ఎట్లా మనిషి లక్షణాలో ఇదీ అంతే, ముఖం పక్కన ఒక చిన్న బొమ్మ. ఇద్దరి మధ్య ఉండే సంబంధాన్ని ఒకడి ఒంటికి అంటించేశారు. కానీ ఆ ఆటలో నన్ను పట్టి ఆపిన నియమం వేరే ఉంది. చేతిలోని ఆఖరి జాగా పోతే ఆట అయిపోతుంది. ‘గేమ్ ఓవర్’. భూమి లేనివాడు ఓడిపోయినవాడు కూడా కాదు, ఆటలోనే లేనివాడు. భూమి గురించి ఇంతకన్నా నిజం చెప్పిన ఆట ఇంకోటి లేదు. తాతల కాలం నుంచి గుంట జాగా లేని ఇళ్ళ పిల్లలు ఆ మాటను తెర మీద చదివినప్పుడు ఏమనుకుంటారో తయారీదారులు ఊహించి ఉండరు.

అందుకే ‘క్రూసేడర్ కింగ్స్ 3’కి 2024 సెప్టెంబరులో ‘రోడ్స్ టు పవర్’ వస్తుందనీ, అందులో భూమిలేనివాడిగా ఆడవచ్చనీ విన్నప్పుడు నేను నిజంగా ఆశపడ్డాను. స్కాలర్‌షిప్ డబ్బులు రాగానే కొన్నాను. రాత్రంతా ఆడాను. అందులోని భూమిలేనివాడు ఒక సాహసికుడు. వాడికి గుడారాల విడిది ఉంది, వెంట అనుచరులున్నారు, గుర్రాలున్నాయి. ఊరూరూ తిరుగుతూ రాజుల దగ్గర పనులు ఒప్పుకుంటాడు, పేరు సంపాదిస్తాడు, వీలు చూసి ఏదో ఒక జాగా గెలుచుకుంటాడు. ఆట బాగుంది, అబద్ధం చెప్పను. పదేళ్ళలో ఈ వరుసలో వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ ఇక్కడ భూమి లేకపోవడమంటే స్వేచ్ఛ. బరువు దించుకుని దేశం తిరగడం. మా అమ్మ పాలమూరు జిల్లా వలస కూలీలతో కలిసి బొంబాయి పోయినప్పుడు ఆమెకు కూడా గుడారమే ఉంది. ఆమెను ఏ రాజూ ‘కాంట్రాక్టు’ ఇస్తా రమ్మని పిలవలేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. భూమిలేనివాడికి ఆట తలుపు తెరిచింది, లోపలికి వచ్చింది మాత్రం రాజ్యం పోగొట్టుకున్న రాజకుమారుడే.

2025 నవంబరులో వచ్చిన ‘యూరోపా యూనివర్సాలిస్ 5’ ఒక అడుగు ముందుకు వేసింది. అక్కడ జనాభాను మనుషుల లెక్కన చూపిస్తారు. ప్రభువులు, పురోహితులు, పట్టణ వర్తకులు, రైతులు, శ్రామికులు, బానిసలు, ఇట్లా. వాళ్ళకు మతం ఉంది, సంస్కృతి ఉంది. రైతు ఇక పన్ను అంకె మాత్రమే కాదు. కానీ పై పని ఖాళీ అయితే కింది మనిషి మెల్లగా అందులోకి మారిపోతాడు. ఆ జాబితా ప్రపంచమంతటికీ ఒకటే కాబట్టి మన దగ్గర కూడా మారిపోతాడు. పని ఖాళీగా ఉండి కూడా మనిషి అందులోకి పోలేకపోవడమే కులమని వేరే చెప్పాలా? ఆట ఇంకా కొత్తది, అనుబంధాలు రావలసి ఉంది, చూద్దాం.

మన దేశంలో తయారైన వాటి గురించి క్లుప్తంగా. పుణేలో తయారై 2020లో విడుదలైన ‘రాజీ’ని అందరూ మెచ్చుకున్నారు. బొమ్మలు నిజంగా అందంగా ఉన్నాయి. సర్కస్ చేసుకుని బతికే ఒక పిల్ల, తన తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన అసురుల మీదికి దేవతల ఆయుధాలతో పోతుంది. ఆ అసురుల నాయకుడి పేరు మహాబలాసురుడు. బలి చక్రవర్తిని ఫూలే 1873లో ‘గులాంగిరి’లో ఎట్లా చదివాడో తెలిసినవాళ్ళకు ఈ పేరు చెవిలో గుచ్చుకుంటుంది. అసురుడితో మాట్లాడడానికి ఆటలో మీట లేదు, కొట్టడానికే ఉంది. సంచార జాతి లాంటి పిల్ల చేతికే ఆ త్రిశూలం ఇవ్వడం మన దేశంలో పాత విద్యే.

మరి పీడితుడిగా ఎవడు ఆడతాడు, ఆటంటే సరదా కదా అని అడుగుతారు. 2013లో వచ్చిన ‘పేపర్స్, ప్లీజ్’లో ఆటగాడు సరిహద్దు దగ్గర కాగితాలు తనిఖీ చేసే చిన్న గుమాస్తా. రోజు చివర వచ్చిన జీతంలో ఇంటి అద్దె కట్టాక తిండి కొనాలా, చలికి కట్టెలు కొనాలా అని లెక్క చూసుకోవాలి. ఒకరోజు తప్పితే కొడుక్కి జబ్బు. ఆ ఆట ప్రపంచమంతా ఆడారు. 2014లో పోలండ్ నుంచి వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’లో ముట్టడిలో చిక్కుకున్న మామూలు జనంగా ఆడాలి. సైనికులుగా కాదు. కాబట్టి ఆట అనే రూపానికి చేతకాకపోవడం లేదు.

ఈ మాటలన్నీ మా హాస్టల్లో పిల్లలతో వాదిస్తుంటే వాళ్ళు నన్ను ఒక పనికి పురికొల్పారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో సొంతంగా పటం గీసుకుని కథ అల్లుకునే సాధనం 1999 నుంచీ ఉంది. మనమే ఒకటి చేద్దాం అన్నారు. ఒక ఊరు, ఒక వాడ, మధ్యలో చెరువు. 1927 మార్చిలో మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగిన రోజు. అదీ అనుకున్నది.

మొదటి సాయంత్రమే చిక్కు పడింది. ఆటలో ఉన్నవి నాలుగే వనరులు. తిండి, కలప, బంగారం, రాయి. నీళ్ళు లేవు. చెరువు గీయవచ్చు, అందులో చేపలు వేయవచ్చు, పడవ నడపవచ్చు. ఎవరికీ దాహం మాత్రం వేయదు. దాహం లేని లోకంలో చెరువు కోసం ఎవరు కొట్లాడతారు? సరే, చెరువు గట్టు మీద ఒక జెండా పెట్టి అక్కడికి చేరితే గెలుపు అని రాసుకున్నాం. వాడ మనిషి గట్టెక్కితే దెబ్బ తగిలేట్టు ఇంకో షరతు రాశాం. అది పనిచేసింది.

రెండో చిక్కు తేలలేదు. ఊరునూ వాడనూ ఇద్దరు ఆటగాళ్ళుగా పెట్టినప్పుడు వాళ్ళ మధ్య సంబంధమేమిటో ఆటకు చెప్పాలి. మూడే మాటలు ఉన్నాయి. మిత్రుడు, శత్రువు, తటస్థుడు. శత్రువు అని పెడితే ఊరి సైన్యం ఆట మొదలైన నిమిషానికే వాడను తగలబెట్టింది. మిత్రుడు అని పెడితే వాడ మనుషులు ఊరి గేటులోంచి దర్జాగా నడిచిపోయారు. తటస్థుడు అంటే ఇద్దరికీ సంబంధమే లేదు. పొద్దున్నే వచ్చి వాకిలి దాకా పని చేసి, కడప దాటకుండా పోవలసిన మనిషికి ఏ మాట పెట్టాలి? రాత్రి రెండింటి దాకా ముగ్గురు పిల్లలు మార్చి మార్చి చూశారు. ‘నాలుగో ఆప్షన్ లేదన్నా’ అన్నాడు ఇంజనీరింగ్ చదివే తమ్ముడు. ప్రస్తుతానికి తటస్థుడు అనే పెట్టి దాచాం. దానికి పేరు కూడా ఇంకా పెట్టలేదు.